రెండు వైపులా అద్దం

పటాలు కట్టడం మా వృత్తి. పటాటోపం మాత్రం ఏనాడూ లేదు. ఏలూరు బజారు పక్క సందులో చిన్న కొట్టు. అందులో సగం అద్దాలకీ సగం చెక్కలకీ పోతే మిగిలిన చోట నేనుంటాను. మా తాత తివాచీలు నేశాడు, మా నాన్న పటాలు కట్టాడు. అంటే మా కుటుంబం ఒక్క తరంలో నేల మీంచి గోడెక్కింది. నేను మూడో తరం. గోడ మీంచి ఇంక ఎక్కడానికేమీ లేదు కాబట్టి ఆ కొక్కేనికే వేలాడుతున్నాను.

మా ఇంట్లో గోడలకి మనుషుల బొమ్మలు పెట్టుకోం. ఊళ్ళో మిగతా గోడలన్నీ మావే. కొట్లో వెంకన్నబాబూ, ఏసుప్రభువూ, ఎవరింట్లోనో మొన్న పోయిన పెద్దాయనా ఒకరి వీపు ఒకరికి ఆనించుకుని ఉంటారు. ఎప్పుడూ తగువు రాలేదు. అందరి మొహాలూ గోడవైపే కదా!

మా పనిలో ముందువైపు గిరాకీది, వెనకవైపు మాది. ముందు అద్దం, వెనక అట్ట. చిన్న మేకులు కొట్టి, వీపంతా ఖాకీ కాగితం మైదా జిగురుతో అంటిస్తాం. దుమ్ము, పురుగు, చెమ్మ లోపలికి పోకుండా. మా నాన్నకి ఒక నియమం ఉండేది. వెనక మూయని పటం కొట్టు గడప దాటకూడదు. తొందరపడిన పెళ్ళివాళ్ళనైనా జిగురు ఆరేదాకా కూర్చోబెట్టేవాడు. నేను ఆ నియమం తప్పింది ఒక్కసారి. అందుకు నాకు శాలువా కప్పారు.

కైకలూరు అవతల ఒక లంక గ్రామం నుంచి రిటైరైన హెడ్మాస్టారొకాయన మా కొట్టుకి వచ్చేవారు. బడిలో పెట్టుకునే దేశనాయకుల పటాలన్నీ మా దగ్గరే కట్టించేవారు. రిటైరయ్యాక కట్టించడానికి నాయకులెవరూ మిగలక ఊరి మీద పడ్డారు. ఊరి చరిత్ర రాస్తానన్నారు. ఒకరోజు బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద బోర్లించారు.

"చూడండి సాయిబుగారూ. మా ఊరు మొత్తం ఇందులో ఉంది."

అన్నీ బొమ్మ కార్డులు. ఈ కాలంవాళ్ళకి చెప్పాలి. ఒకప్పుడు స్టూడియోవాళ్ళు ఫోటో కడిగే కాగితం వీపు మీద పోస్టు కార్డు గీతలు అచ్చయి ఉండేవి. మధ్యలో నిలువు గీత, కుడివైపు చిరునామా, మూలన స్టాంపుకి గడి. ముందు మీ మొహం, వెనక మీ మాట. స్టాంపంటించి డబ్బాలో వేస్తే మీరే ఎగిరి బంధువులింటికి వెళ్ళినట్టు. ఆ ఊరివాళ్ళు ఏలూరొచ్చి ఫోటో దిగి, పంపుకున్న కార్డులివి. కొన్ని ఇళ్ళల్లోంచి అడిగి తెచ్చారట, ఎక్కువభాగం ఊరి పాత పోస్టాఫీసు ట్రంకు పెట్టెలోవి. చిరునామాదారు ఊరొదిలి పోయిన కార్డులు, ఎవరూ తీసుకోని కార్డులు.

నాకు మొదట నవ్వొచ్చింది. కొల్లేటి మధ్యలో పుట్టి, నాలుగు దిక్కులా నీళ్ళతో విసిగిపోయిన మనుషులు పడవెక్కి, బస్సెక్కి ఏలూరొచ్చి, గుడ్డ మీద గీసిన చెరువు ముందు నిలబడ్డారు. ఆ చెరువులో రెండు హంసలు. కొల్లేట్లోనూ పక్షులున్నాయి, వాటితో ఫోటో దిగరు, కూరొండుకుంటారు. ఇంకో చిత్రం, మగాళ్ళందరి చేతికీ ఒకటే వాచీ. స్టూడియోవాడిది. అందరి చేతిలోనూ ఒకటే టైము. చరిత్ర రాసే మనిషి కాబట్టి మాస్టారు ఆ టైము చూశారు. అద్దాలవాణ్ణి కాబట్టి నేను వాచీ అద్దం మీది బీట చూశాను. పదకొండు మణికట్ల మీద అదే బీట.

తరవాత వెనక్కి తిప్పి చదివాను. నవ్వు ఆగింది. ఆగి, మళ్ళీ వేరే రకంగా వచ్చింది.

ఒక పెద్దాయన దర్జాగా కుర్చీలో కూర్చున్న కార్డు వెనక ఆయన కొడుకు ఎవరికో రాశాడు. "నీళ్ళొచ్చాయి. గేదె పోయింది. దూడ దక్కింది. ఇందులో ఉన్నాయన కూడా పోయాడు."

కొత్త దంపతుల కార్డు. అబ్బాయి తల్లి అమ్మాయి తల్లికి రాసింది. "మీ పిల్ల క్షేమం. పులుసు పెట్టడం రాదు. మీకూ రాదని ఇప్పుడు తెలిసింది."

నలుగురు అన్నదమ్ములు వరసగా నిలబడ్డ కార్డు ఒకటి ఉంది. ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. మూడోవాణ్ణి కత్తెరతో నిలువునా తీసేసి రెండు ముక్కలూ దగ్గరకి చేర్చి అంటించారు. వెనక ఇలా ఉంది. "పంపకాలయ్యాయి కనక వాణ్ణి తీసేశాం. తక్కినవాళ్ళం బాగానే పడ్డాం." నాలుగోవాడి భుజం మీద మాత్రం ఒక చెయ్యి మిగిలిపోయింది. ఎవరిదో తెలియనట్టు.

కార్డంటే కవరు లేని ఉత్తరం. పోస్టుమాను చదువుతాడు, పడవవాడు ఎవరి చేతనో చదివించుకుంటాడు, ఇల్లు చేరేలోపు వీధంతా వింటుంది. అందరూ చదువుతారని తెలిసే రాసేవారు. ఆ మాటలకి పదును అందుకే. అంత చిన్న జాగాలో అంత పొడవడం నావల్లయితే కాదు. ఇది చదువుతున్న మీకు అది ఈపాటికే తెలిసి ఉంటుంది.

ముప్పై ఆరు కార్డులు ఏరారు మాస్టారు. ముప్పై ఐదు డబ్బాలోవి. ముప్పై ఆరోది వారం తరవాత వచ్చింది, తన సొంతదారుతో సహా.

సన్నగా, నిటారుగా ఉన్న పెద్దావిడ. నీలం అంచు తెల్లచీర, చంకలో చేతిసంచీ. మాస్టారు పరిచయం చేశారు. ఊరి పోస్టాఫీసు వాళ్ళింటి అరుగు మీదే ఉండేదట. మొదట వాళ్ళ నాన్నగారు, ఆయన తరవాత ఈవిడ. ట్రంకు పెట్టె ఈవిడదే. ఊళ్ళో అందరికీ పోస్టు మామ్మగారు.

మామ్మగారు జేబురుమాల్లో చుట్టిన కార్డు తీసి నా ముందు పెట్టారు. చెక్కిన కుర్చీలో కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల. వెనక హంసలు. మెడలో గొలుసు. ఆ కార్డుల్లో అందరూ ఉరికంబం ముందు నిలబడ్డట్టుంటే ఈ పిల్ల ఒక్కతే పళ్ళు కనిపించేలా నవ్వుతోంది.

"నాదేనండి. నమ్మరు కదూ?"

"పోలిక తెలుస్తోందండి మామ్మగారూ" అన్నాను. అబద్ధం. ఆ మాటకి ఆవిడ నవ్వాకే పోలిక తెలిసింది.

"అప్పుడు నాకు నాలుగు సంబంధాలొచ్చాయండి. నాలుగూ నేనే వద్దన్నాను. పోస్టాఫీసు ఎవరు చూస్తారు మరి? నాలుగోది మంచి సంబంధం, పాడు చేసుకోవడం ఎందుకని మా చెల్లికిచ్చేశాను. ఆ చెల్లి ఇప్పుడు లేదు. వాళ్ళబ్బాయి దగ్గరే ఉంటున్నాను."

మాస్టారు అందుకున్నారు. "ఆ అబ్బాయికి కైకలూరులో చేపల మేత కొట్టుందండి. పెద్దమ్మంటే ప్రాణం. ఆవిడ కంచంలో వడ్డించాకే ఇంట్లో ఎవరైనా ముద్ద ముట్టేది. 'మా అమ్మకి కాపురం ఇచ్చింది పెద్దమ్మే' అంటాడు. ఊరందరికీ తెలుసు."

మామ్మగారు ఆ మాట వింటూ తన కార్డు అంచు సవరించుకున్నారు. సవరించడానికేమీ లేదు, తిన్నగానే ఉంది.

వెళ్ళబోతూ గడప దగ్గర ఆగారు.

"సాయిబుగారూ, వెనక కాగితం అంటించేస్తారు కదా?"

"అంటించకుండా ఏ పటమూ మా కొట్టు దాటదండి."

"గట్టిగా?"

"కావాలంటే మీరే పీకి చూసుకుందురుగాని."

"పీకనులెండి" అని నవ్వారు. ఆ పిల్ల నవ్వే.

మాస్టారు నాలుగు రోజులకి ఫోన్ చేశారు. ఆయనకో చిక్కు వచ్చింది. బొమ్మ చూపిస్తే మాట కనపడదు, మాట చూపిస్తే బొమ్మ కనపడదు. "అసలు చరిత్రంతా వీపు మీదే ఉంది కదండీ. దాన్ని మూసేస్తే ఇంకెందుకు? మీరేదైనా ఉపాయం చెప్పాలి" అన్నారు.

ఉపాయం చెప్పమని నన్ను అడిగేవాళ్ళు తక్కువ. మా ఇంట్లోనైతే లేరు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినకుండా ఆలోచించాను. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. "రెండు వైపులా అద్దం వేస్తానండి. గోడకి కొట్టొద్దు. పైనుంచి సన్నటి తీగతో వేలాడదీద్దాం. వేలితో తోస్తే తిరుగుతుంది. ఇటు బొమ్మ, అటు మాట."

"అద్భుతం సాయిబుగారూ! మిమ్మల్ని సభలో సత్కరించాలి."

నేను పొంగిపోయాను. పటం కట్టేవాణ్ణే ఎవరో పటం కట్టినట్టు.

పని మొదలుపెట్టాను. ఒక్కో కార్డూ తుడిచి, రెండు అద్దాల మధ్య పెట్టి, చుట్టూ సన్న చెక్క బిగించడం. ముప్పై ఐదు అయ్యాక జేబురుమాలు విప్పాను. చిరునామా వైపు వేలికి లావుగా తగిలింది. ఒక కాగితం ముక్క మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, నాలుగు పొరలు. ఒకే కార్డు నాలుగిళ్ళు తిరిగింది. ప్రతిసారీ చిరునామా మీద కొత్త చిరునామా అంటించారు. ఎడమవైపు, మాట రాసే చోట, ఐదు చేతిరాతలున్నాయి.

మొదటిది తండ్రిది. "అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఎనిమిదో తరగతి. ఇంటిపనీ పోస్టాఫీసు పనీ తెలుసు. నచ్చని పక్షంలో ఫోటో తిప్పి పంపగలరు."

దాని కింద కైకలూరువాళ్ళు. "పిల్ల కూర్చుని ఉంది. నిలబడ్డ ఫోటో లేదా? కాలి సంగతి తెలుపగలరు."

దాని కింద గుడివాడ వైపువాళ్ళు. "మెడలో గొలుసు స్టూడియోవారిది. మా అమ్మాయి ఫోటోలోనూ ఇదే ఉంది."

దాని కింద తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమాస్తాగారు. ఆయనకి మాటలు పొదుపు. "పళ్ళు. వద్దు."

అట్టడుగున, జాగా లేక అక్షరాలు ఇరుకుగా. "పెద్దదాన్ని గురించి మాకు ఆలోచన లేదు. చిన్నది ఉందని విన్నాం. దాని ఫోటో ఉంటే పంపగలరు. ఇది తిప్పి పంపుతున్నాం."

కార్డు బల్ల మీద పెట్టి బయటికెళ్ళి టీ తాగొచ్చాను. వచ్చి మళ్ళీ చదివాను. "వెనక కాగితం అంటించేస్తారు కదా" అని గడప దగ్గర ఆగిన మనిషి అప్పుడు పూర్తిగా అర్థమయ్యారు నాకు. నాలుగు సంబంధాలు వద్దన్న పెద్దమ్మగా ఆవిడ ఆ ఇంట్లో అన్నం తింటున్నారు. చెల్లికి ఇచ్చేశానన్న ఆ కాపురమే అక్కడ ఆవిడ చోటు. వెనకున్నది ఎవరూ చదవరనే ధైర్యంతోనే ముందువైపు ఇచ్చారు. ఉన్న ఒక్క అందమైన ఫోటో కదా, ఊరి చరిత్రలో తనూ ఉండాలని ఉండదూ?

మాస్టారికి ఫోన్ చేశాను. "మామ్మగారిది వెనక మూసెయ్యమన్నారండి ఆవిడ."

"చదివారా?"

"చదివానండి."

"నేనూ చదివాను, ఆవిడ గడప దగ్గర మీతో మాట్లాడుతుంటే తిప్పి చూశాను. అదండీ చరిత్రంటే! మన ఊళ్ళల్లో ఆడపిల్లని ఎలా చూశారో చెప్పడానికి ఆ ఒక్క కార్డు చాలు. తక్కిన ముప్పై ఐదూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు."

"ఆవిడ బాధపడతారేమోనండి."

"అరవై ఏళ్ళ నాటి మాట సాయిబుగారూ. ఇప్పుడెవరు పట్టించుకుంటారు? ఆవిడకి నేను చెప్పుకుంటాను."

ఆయన చెప్పలేదు. అది ఆయన తప్పు. నా తప్పు సంగతి చెప్పాలి. ఆయన కాదన్నా నేను ఒక్క ఖాకీ కాగితం ముక్క అంటిస్తే ఆపేవాళ్ళెవరూ లేరు. జిగురు గిన్నె మోచేతి పక్కనే ఉంది. కాగితం కత్తిరించి కార్డు వెనక పెట్టి కూడా చూశాను. ముప్పై ఐదు తళతళలాడే అద్దాల పక్కన అదొక్కటీ గోధుమరంగు మచ్చలా ఉంది. వరస చెడుతోంది. సభలో నా పనితనం చూడబోయేవాళ్ళ కళ్ళు మొదట ఆ మచ్చ మీదే పడతాయి. కాగితం తీసేశాను. రెండో అద్దం వేశాను.

అంతే. నేను క్రూరుణ్ణని ఎవరూ అనరు. ఈగని కూడా విసనకర్రతో తోలతాను, కొట్టను. వరస చెడుతుందని చేశాను.

సభ ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో. ముప్పై ఆరు పటాలూ ఇనప కడ్డీకి వేలాడుతుంటే నాకే ముద్దొచ్చాయి. జనం బాగా వచ్చారు. చేపల చెరువుల దగ్గర్నుంచి గట్టు దిగి అలాగే వచ్చినవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు. మామ్మగారు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నారు. పక్కన ఆవిడ చెల్లెలి కొడుకు, కోడలు. కొడుకే ఆవిడ చేతిసంచీ పట్టుకున్నాడు. కోడలు ఆవిడకి మంచినీళ్ళ సీసా మూత తీసిచ్చింది.

ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాన్లు వేశారు.

నేను వేలితో తోస్తే తిరుగుతుందన్నాను. వేలు అక్కర్లేకపోయింది. ముప్పై ఆరు పటాలూ వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి. బొమ్మ, మాట, బొమ్మ, మాట. జనం అబ్బురపడి చప్పట్లు కొట్టారు. అదే సమయానికి మాస్టారు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కప్పవలసింది కప్పనివాడికి కప్పారు. వేదిక మీదినుంచి నాకు అన్నీ కనపడుతున్నాయి.

జనం పటాల మధ్యకి వచ్చారు. చదవగలిగినవాళ్ళు చదవలేనివాళ్ళకి గట్టిగా చదివి వినిపిస్తున్నారు. పులుసు కార్డు దగ్గర పెద్ద నవ్వు.

"మీ అత్తే రాసుంటుందే ఇది!"

"మా అత్తకి రాయడం వస్తే ఇంకా పెద్దదే రాసుండేది."

గేదె కార్డు దగ్గర ఒక ముసలాయన, "మా పెదతాతేనండి. గేదె మంచిదే, పాపం" అన్నాడు. మళ్ళీ నవ్వు. అందరి పాత గాయాలూ అందరికీ తమాషాగా ఉన్నాయి. గాయపడ్డవాళ్ళు లేరు కదా. ముప్పై ఐదింట్లో లేరు.

మామ్మగారు కుర్చీలోంచి తన పటం వైపు చూస్తున్నారు, ముందే నవ్వు సిద్ధం చేసుకుని. పటం తిరిగింది. మొహం కనపడింది. కోడలు, "ఎంత బావున్నారో అత్తయ్యగారూ!" అంది. పటం ఇంకాస్త తిరిగింది. ఖాకీ కాగితం ఉండాల్సిన చోట ఐదు చేతిరాతలు వచ్చాయి.

ఆవిడ నవ్వు తీసెయ్యలేదు. మర్చిపోయిన దీపంలా అలాగే ఉండిపోయింది. తల మాత్రం తిప్పి వేదిక మీద నన్ను చూశారు. నేను శాలువా సర్దుకున్నాను.

చదువుకున్న పిల్ల ఒకతె మొదలుపెట్టింది. "పిల్ల కూర్చుని ఉంది, నిలబడ్డ ఫోటో లేదా... గొలుసు స్టూడియోవారిది... పళ్ళు, వద్దు!" 'పళ్ళు, వద్దు' దగ్గర హాలు విరగబడి నవ్వింది. ఎవరో వెనకనుంచి, "పళ్ళొద్దంటే కూరగాయలు పంపాల్సింది" అన్నారు. ఇంకా నవ్వు.

చెల్లెలి కొడుకు లేచి దగ్గరికెళ్ళాడు. చివరి వాక్యం దగ్గర వంగాడు. ఒక్కసారి గట్టిగా కేకేశాడు, సంతోషంతో.

"ఇది మా తాతగారి చేతిరాతే! రెండో అక్షరం చూడండి, అలా కొమ్ము లాగేది ఆయనే! మా ఇంట్లో ఆయన రాసిన ముక్క ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు!"

ఫోన్ తీశాడు. పటం తిరిగిపోతుంటే చేత్తో పట్టి ఆపి ఫోటో తీశాడు. కుటుంబం గ్రూపులో అక్కడికక్కడే పెట్టేశాడు. ఆ తరవాతే చదివాడనుకుంటాను. చేతిరాత చూసిన సంబరంలో మాట ఆలస్యంగా అందింది.

"అదేంటి పెద్దమ్మా? నువ్వే వద్దన్నానన్నావ్? అమ్మకి నువ్విచ్చేశానన్నావ్?"

అతను కోపంగా అనలేదు. ఇప్పుడు తల్చుకుంటే కోపంగా అన్నా బావుండేది. లెక్క సరిచూసుకునేవాడిలా అడిగాడు.

"అన్నానురా" అన్నారు మామ్మగారు.

"ఇందులో వాళ్ళే వద్దన్నట్టుందే?"

"ఉంది."

తరవాత ఎవరో ఆడమనిషి, "పాపం, ఇన్నాళ్ళూ ఎంత బాగా నమ్మించారండీ మామ్మగారూ!" అంది. మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలుకి అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మామ్మగారూ నవ్వారు, మూతి మూసుకుని.

మాస్టారి సభ బాగా జరిగిందని అందరూ అన్నారు.

నెల గడిచాక మధ్యాహ్నం వేళ మామ్మగారు మా కొట్టుకి వచ్చారు. ఒంటరిగా, బస్సులో. గుడ్డ సంచీలోంచి ఆ పటం తీసి బల్ల మీద పెట్టారు. బొమ్మవైపు అద్దం మూలనుంచి మూలకి పగిలి ఉంది.

"అయ్యో, ఎలా పగిలిందండీ?"

"హాలు వెనక వంటింట్లో రుబ్బురోలుకేసి కొట్టాను. లేకపోతే ఇవ్వరు. ఊరికి ఇచ్చేశారు కాబట్టి వెనక్కివ్వడం కుదరదన్నారు మీ మాస్టారు. ముప్పై ఆరని పుస్తకంలో అచ్చయిపోయిందట. బాగు చేయించి తెస్తానని సంతకం పెట్టి తెచ్చుకున్నాను."

కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"కట్టేటప్పుడు చదివారు కదా?"

"చదివానండి."

"మూస్తానన్నారు."

"అన్నానండి." ఏదో ఒకటి చెప్పాలి కదా, ఉన్నది చెప్పాను. "వరస చెడుతుందనిపించిందండి."

ఆవిడ కాసేపు కొట్లో పటాల వీపులు చూశారు. అన్నీ ఖాకీవే.

"ఆ ఇంట్లో నా వరసే చెడింది సాయిబుగారూ. ఏమీ అనరు. అన్నం పెడతారు. పిల్లలు తిన్నాక పెడతారు, అంతే తేడా. పండక్కి ఫోటో దిగుదామని అందరూ నిలబడితే మనవడు, 'మామ్మా, నువ్వు నిలబడే దిగాలి, లేకపోతే కాలి సంగతి అడుగుతారు' అన్నాడు. అందరూ నవ్వారు. వాడికి తొమ్మిదేళ్ళు. మా కోడలు వాణ్ణి కసిరింది. కసిరి తనూ నవ్వింది."

నేను కార్డు వెనక్కి తిప్పాను. మూలన నల్లటి గుండ్రటి ముద్రలున్నాయి, ఒకదాని మీద ఒకటి. ఆవిడ వేలు పెట్టి చూపించారు.

"ఇవి నావే. కార్డు తిరిగొచ్చినప్పుడల్లా ముద్ర కొట్టింది నేనే. నాన్న అలవాటు మీద రాసేవారు గానీ, చదవడానికి చూపు ఆనేది కాదు. తెల్లారి సంచీ విప్పడం, ముద్ర కొట్టడం, చదివి వినిపించడం నా పని. మొదటి మూడూ ఆయనకి నేనే చదివాను. నాలుగోది మాత్రం చదవలేదు. 'నాన్నా, ఇది నేనే వద్దనుకుంటున్నా, చెల్లికి చూడు' అన్నాను. అక్కడ మొదలైందండి. ఆ ఒక్కటీ అబద్ధం కాదు, చూశారా. నేనే అన్నాను కదా!"

"చింపెయ్యొచ్చు కదండీ మామ్మగారూ, అప్పుడే?"

"ముద్ర చక్కగా పడిందండి. చింపబుద్ధి కాలేదు" అన్నారు.

ఆ జబ్బు నాకూ ఉంది.

పగిలిన అద్దం తీశాను. కొత్తది కోశాను. వెనక వేయడానికి ఖాకీ కాగితం కత్తిరించి జిగురు రాస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అటు కాదు."

"మరి?"

"ఇటు. మొహం వైపు."

నేను అర్థం కానట్టు చూశాను.

"వెనక అందరికీ కంఠతా వచ్చేసింది. ఇంక దాన్ని మూసి ఏం లాభం? మొహం చూస్తారు, తిప్పి పళ్ళంటే ఏవో చూసుకుంటారు, మళ్ళీ మొహం చూస్తారు. నేను అక్కడే కూర్చుని ఉండగానే నావైపు కూడా ఓసారి చూస్తారు. సరిపోల్చుకోవడానికి. ఆ పిల్లని అక్కడ కూర్చోబెట్టింది నేను. మూసెయ్యండి."

"చాలా బాగా పడ్డ ఫోటో అండి."

"అవును" అన్నారు.

కొత్త అద్దం బిగించి, దాని మీద అంటించాను. నా జీవితంలో ముందువైపు ఖాకీ కాగితం అంటించిన పటం అదొక్కటే. ఆవిడ మూలలు నాలుగూ బొటనవేలితో నొక్కి చూసుకున్నారు. జిగురు ఆరేదాకా ఉండమన్నాను. ఉన్నారు. ఆరిందని చెప్పాక సంచీలో పెట్టుకుని కైకలూరు బస్సుకి వెళ్ళిపోయారు.

తరవాత మాస్టారి ఫోన్. "ఏవిటండీ ఇది, బొమ్మ మూసేశారు?"

"అద్దం పగిలిందండి."

"కాగితం తీసేస్తే పోయేదానికి..."

"తీస్తే బొమ్మ చెడిపోతుందండి" అన్నాను. మా వృత్తిలో ఎవరూ కనిపెట్టలేని అబద్ధం అదొక్కటే. అది చెప్పడానికి నేను ఒక నెల ఆలస్యమయ్యాను.

ఈమధ్య ఆ ఊరు వెళ్ళాను. తీగ ఒకటి తెగిందని కబురొచ్చింది. మామ్మగారి చెల్లెలి కొడుకు హాలు బయట తన మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ ఎలా ఉన్నారని అడిగాను. "బానే ఉందండి. ఎక్కడికీ రాదు. ఆ రోజు ఏమనుకుందో ఏమో" అన్నాడు. నిజంగానే అతనికి తెలియదు.

లోపల ఫ్యాను తిరుగుతోంది, పటాలు తిరుగుతున్నాయి. తక్కిన ముప్పై ఐదూ ఒంటరిగా తిరుగుతున్నాయి. జనం ఉన్నది ఒకదాని దగ్గరే. ఊరందరూ ఎప్పుడో చూసేసిన బొమ్మలు వదిలేసి, మూసినదాని చుట్టూ చేరారు. వరసలో మొదట కళ్ళు దానిమీదే పడుతున్నాయి. నేను అనుకున్నట్టే.

దగ్గరికెళ్ళి చూశాను. ఖాకీ కాగితం కింది మూల ఎవరో గోటితో లేపారు. గోరంత మేర. ఆ సందులోంచి చెక్కిన కుర్చీ కాలూ, దాని పక్కన చీరకుచ్చిళ్ళ కింద ఒక పాదం కొసా కనపడుతున్నాయి. పాదం బాగానే ఉంది. ఏ వంకరా లేదు.

నా సంచీలో జిగురు సీసా ఉంటుంది. తీసి వేలితో రాసి మూల నొక్కి పట్టుకున్నాను. ఆరేదాకా వదలకూడదు.

నా వెనక కొత్తగా వచ్చినావిడ ఎవరో అడిగింది. "లోపలున్నది ఎవరండీ?"

నొక్కి పట్టుకుని నిలబడ్డాను.